రైజర్లు వేశాక హ్యాండిల్ తిప్పితే రేస్ పెరుగుతోంది, ఏం చేయాలి?

డిండి_దారి · శనివారం రాత్రి 9:20

అందరికీ నమస్తే. మాది నల్లగొండ. బండి హిమాలయన్ 411, 2018 మొదట్లో కొన్నది, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం జామ్ కాకుండా ఆపే వ్యవస్థ) లేని మోడల్. నా ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. కూర్చుని నడిపితే పెద్ద ఇబ్బంది లేదు. గుంతల దారిలో ఫుట్‌రెస్టుల మీద నిలబడితేనే హ్యాండిల్ ఎక్కడో మోకాళ్ల దగ్గర ఉన్నట్టుంటుంది, వంగి వంగి నడుము పట్టేస్తోంది. అందుకే ఆన్‌లైన్‌లో 30 మిల్లీమీటర్ల రైజర్లు (హ్యాండిల్ కింద పెట్టి దాని ఎత్తు పెంచే దిమ్మలు) తెప్పించాను.

ఈరోజు మధ్యాహ్నం ఇంట్లోనే బిగించాను. బోల్టులు విప్పడం, రైజర్లు పెట్టడం, మళ్లీ బిగించడం, అంతే. అమ్మ చాయ్ పెట్టి తెచ్చేలోపు సగం పని అయిపోయింది. వీధిలో ఒక రౌండు వేస్తే మస్తు అనిపించింది. సాయంత్రం బండిని గేటు లోపలికి తిప్పుతుంటే బయటపడింది అసలు సంగతి. ఇంజిన్ స్లోలో ఉంది, గ్రిప్ తిప్పలేదు. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పగానే రేస్ దానంతటదే పెరిగింది. తిన్నగా పెడితే తగ్గింది. కుడికి తిప్పితే రేస్ మారదు గానీ క్లచ్ లివరు బిగుసుకుంటోంది.

వచ్చే ఆదివారం నేనూ మా బావా దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం వెళ్లాలనుకున్నాం. స్లో కాస్త తగ్గిస్తే సరిపోతుందా, వైర్లు మార్చాలా? కాస్త టెన్షన్‌గానే ఉంది.

గడియారం_సెంటర్ · శనివారం రాత్రి 9:34

ఆరడుగుల ఒక అంగుళానికి 30 మిల్లీమీటర్లు ఏం సరిపోతాయన్నా, మన సెంటర్‌లో ఉన్న గడియారం స్తంభం పీకి హ్యాండిల్ కింద పెట్టుకో. జోకు పక్కన పెడితే, నాకు తెలిసిన ఒకరికి ఇదే జరిగి పెట్రోలు బంకులో బండి మలుపుతూ ముందున్న ఆటోకు గుద్దాడు. దెబ్బలు తగల్లేదు, ఆటో వెనక లైటుకు డబ్బులు కట్టాడు.

పాలమూరు_పానా · శనివారం రాత్రి 10:15

తమ్మీ, ముందు ఒక మాట. ఇది సరయ్యేదాకా ఆ బండి మీద వీధి చివర కిరాణా కొట్టుకు కూడా పోకు. స్లో తగ్గిస్తే రోగం దాక్కుంటుంది, పోదు.

వైరు అంటే రెండు వస్తువులు. లోపల తీగ, దాని మీద గొట్టం. తీగను లాగితేనే రేస్ వస్తుందనుకుంటాం గానీ గొట్టం కదిలినా అదే పని జరుగుతుంది. చిన్నప్పుడు సైకిల్ బ్రేకు వైరు గొట్టం అడ్జస్టర్ గూట్లోంచి జారి పక్కన కూర్చుంటే, లివరు ముట్టుకోకపోయినా బ్రేకు పట్టేసేది గుర్తుందా? ఇదీ అంతే. ఎడమకు తిప్పితే కుడి గ్రిప్ ట్యాంకుకు దూరంగా ముందుకు పోతుంది. నువ్వు హ్యాండిల్‌ను లేపావు, వైరు మాత్రం పాతదే. గొట్టం సాగే వస్తువు కాదు, అందుకని గూట్లోంచి లేస్తుంది. అది ఎంత లేస్తే అంత మేర తీగను నువ్వు చేత్తో లాగినట్టే లెక్క. కుడికి తిప్పితే ఎడమ గ్రిప్ ముందుకు పోతుంది, అప్పుడు క్లచ్ వైరుకు అదే కష్టం. క్లచ్ లివరు చివర 10 నుంచి 15 మిల్లీమీటర్ల ప్లే, అంటే తీగ బిగిసేలోపు ఖాళీగా కదిలే దూరం, ఉండాలి. హ్యాండిల్ ఎటు తిప్పినా అది మారకూడదు. తిప్పినప్పుడు ప్లే సున్నా అయితే క్లచ్ సగం పట్టుకుని నడిపినట్టే, ప్లేట్లు కాలిపోతాయి.

ఘాట్ మలుపుల్లో హ్యాండిల్ పూర్తిగా తిరగదు కదా అంటావేమో. నిజమే. యూ టర్న్‌లో తిరుగుతుంది. ఎదురుగా లారీ వచ్చి రోడ్డు పక్క కంకర మీద బండి మలుపుకోవాల్సి వస్తే తిరుగుతుంది. అప్పుడు నువ్వు సగం క్లచ్ మీద, ఒక కాలు నేల మీద ఉంటావు. రేస్ పెరిగితే బండి కాదు, నువ్వు ఎటు పోతావో చూసుకో.

కొత్త వైర్లకు ఇప్పుడే డబ్బు పెట్టకు. ముందు ట్యాంకు తీసి, వైర్లు ఏ దారిన పోతున్నాయో ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకో. కంపెనీ వాళ్లు కట్టిన క్లిప్పుల దగ్గర, చుట్టి తెచ్చిన వంపుల దగ్గర రెండు మూడు సెంటీమీటర్లు దాగి ఉంటాయి. చాలా బండ్లకు 30 మిల్లీమీటర్ల దాకా ఆ దాచిన పొడవే సరిపోతుంది. ఎఫ్ఐ బండి (పెట్రోలును పంపు ప్రెషర్‌తో ఇంజిన్‌లోకి కొట్టే రకం) కదా, పెట్రోలు పైపు పీకే ముందు పెట్రోల్ పంపు సాకెట్ తీసేసి ఇంజిన్ స్టార్ట్ చెయ్. లైన్లో ఉన్నది తాగి తానే ఆగిపోతుంది, ప్రెషర్ పోతుంది. లేకపోతే మొహం మీద పెట్రోలు కొడుతుంది. పక్కన దీపం, బీడీ ఉండకూడదని వేరే చెప్పాలా.

బత్తాయి_తోట · శనివారం రాత్రి 10:41

ఇంత భయపెట్టాలా అన్నా? నేను రెండేళ్ల నుంచి 50 మిల్లీమీటర్ల రైజర్లతో తిరుగుతున్నా, నాదీ ఏబీఎస్ లేని హిమాలయనే. రేస్ వైరు, క్లచ్ వైరు మార్చుకున్నా, ఒప్పుకుంటా. డిస్కు బ్రేకు ఆయిల్ పైపు మాత్రం పాతదే. కొంచెం బిగుతుగా ఉంటుంది, రబ్బరే కదా, సాగుతుంది. తోటకూ ఇంటికీ రోజూ తిరుగుతా, ఏమీ కాలేదు.

పాలమూరు_పానా · శనివారం రాత్రి 10:58

సాగే పైపు అయితే బ్రేకు పనిచేయదు సార్. లివరు నొక్కితే ఆయిల్ ప్రెషర్ క్యాలిపర్ (డిస్కును పట్టి ఆపే భాగం) దాకా పోవాలి, దారిలో పైపును ఉబ్బించకూడదు. అందుకే లోపల అల్లిక వేసి, సాగకుండా చేస్తారు. బిగుతుగా ఉన్న పైపు ఊడేది మధ్యలో కాదు, రెండు చివరలా ఇనుప బుడిపె నొక్కిన చోట.

మీకు చిన్న పరీక్ష. సెంటర్ స్టాండ్ వేసి, ఎవరినైనా వెనక కూర్చోబెట్టి ముందు చక్రం నేల వదిలేలా చేయండి. ఇప్పుడు హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి పైపు చూడండి. బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు మన బరువుకు ఫోర్కు కొంత కుంగి ఉంటుంది, పైపు వదులుగానే కనిపిస్తుంది. హిమాలయన్ ముందు ఫోర్కు ప్రయాణం 200 మిల్లీమీటర్లు. గుంత దాటి చక్రం గాల్లోకి లేచినప్పుడు ఫోర్కు మొత్తం సాగుతుంది. పైపు పొడవు చూడాల్సింది అప్పుడు.

జడ్చర్ల_జంక్షన్ · ఆదివారం ఉదయం 6:50

మరి ఏబీఎస్ ఉన్న బండికి? నాది 2021 మోడల్. నేనూ రైజర్లు కొందామని చూస్తున్నా.

పాలమూరు_పానా · ఆదివారం ఉదయం 7:30

ఏబీఎస్ బండికి పైపు రెండు ముక్కలు. హ్యాండిల్ మీది ఆయిల్ డబ్బా నుంచి ఏబీఎస్ యూనిట్ దాకా ఒకటి, అక్కడి నుంచి చక్రం దగ్గరి క్యాలిపర్‌కు ఇంకొకటి. రైజరు వేస్తే ఇబ్బంది పడేది మొదటిది మాత్రమే. ఫోర్కు ఎంత సాగినా దానికి సంబంధం లేదు, హ్యాండిల్ తిప్పి చూస్తే చాలు. ఏబీఎస్ లేని బండికి ఒకే పైపు పైనుంచి కిందిదాకా పోతుంది కాబట్టి హ్యాండిల్ ఎత్తూ, ఫోర్కు సాగడమూ రెండూ దాని నెత్తినే. అందుకే తోట సార్‌కు అంత గట్టిగా చెప్పా. ఒకటి గుర్తుంచుకో, ఏబీఎస్ పైపు మార్చాల్సి వస్తే మాత్రం బ్రేకు ఆయిల్లో చేరిన గాలి తీయడం ఇంట్లో చేసుకునే పని కాదు. యూనిట్ లోపల గాలి ఇరుక్కుంటే కంప్యూటర్ తగిలించి తీయాలి.

కృష్ణ_ఒడ్డున · ఆదివారం ఉదయం 8:05

సోమశిల నుంచి. పానా గారు చెప్పినదానికి కాస్త లెక్క కలుపుతాను, విసుగనిపిస్తే దాటేయండి. 30 మిల్లీమీటర్ల రైజరు అంటే హ్యాండిల్ 30 మిల్లీమీటర్లు పైకి లేస్తుందనుకుంటాం. ఫోర్కు నిట్టనిలువుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. వాలు 26 డిగ్రీలు అనుకుంటే, రైజరు ఆ వాలు వెంటే నిలబడుతుంది కాబట్టి హ్యాండిల్ పైకి లేచేది సుమారు 27 మిల్లీమీటర్లు, వెనక్కి వచ్చేది సుమారు 13. అంటే మీకు దొరికిన ఎత్తు మీరు కొన్నదానికంటే తక్కువ, అడగకుండానే వెనక్కి జరగడం కొంత. నిలబడి నడిపే పొడుగు మనిషికి ఈ 13 మంచిది కాదు, హ్యాండిల్ తొడల వైపు వస్తుంది. హ్యాండిల్‌ను దాన్ని పట్టుకుని ఉండే క్లాంపులో కొంచెం ముందుకు దొర్లించుకోండి. అలా దొర్లిస్తే లివర్ల కోణమూ మారుతుంది, వాటినీ సరిచేయాలి. ఆయిల్ డబ్బా ఒరగకుండా సమంగా ఉందో లేదో అప్పుడే చూసుకోవచ్చు.

మిర్యాలగూడ_రైడర్ · ఆదివారం ఉదయం 9:12

నా సమస్య మీకు పూర్తిగా రివర్స్. నేను ఐదడుగుల ఒక అంగుళం. క్లాసిక్ 350 మీద రోజూ మిర్యాలగూడ నుంచి నల్లగొండ ఆఫీసుకు వస్తాను. చేతులు చాచి పట్టుకోవాల్సి వస్తోంది, సాయంత్రానికి భుజాల మధ్య మంట. నాకు ఎత్తు అక్కర్లేదు, హ్యాండిల్ దగ్గరికి రావాలి. రైజరు పనికొస్తుందా?

కృష్ణ_ఒడ్డున · ఆదివారం ఉదయం 9:40

మేడమ్, మీకు ముందు పైసా ఖర్చులేని పని. క్లాంపు బోల్టులు వదులు చేసి హ్యాండిల్‌ను మీ వైపు ఒక్క డిగ్రీ, రెండు డిగ్రీలు దొర్లించి వారం నడపండి. చివర్లు క్లాంపు కంటే పైకి ఉంటాయి కాబట్టి దొర్లిస్తే అవి మీ దగ్గరికి వస్తాయి. చాలకపోతే వెనక్కి జరిపే రకం రైజర్లు ఉంటాయి, ఎత్తు తక్కువ, వెనక్కి జరగడం ఎక్కువ. వాటితో వైర్లకు కష్టం తక్కువే. కానీ అవి వేశాక హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు గ్రిప్‌కూ ట్యాంకుకూ మధ్య మీ బొటనవేలు పట్టాలి. అది తప్పకుండా చూడండి. నా స్నేహితుడి బొటనవేలి గోరు ఇలాగే పోయింది.

మిర్యాలగూడ_రైడర్ · ఆదివారం ఉదయం 9:44

బొటనవేలి సంగతి నాకు తట్టనే లేదు. థాంక్స్.

డిండి_దారి · ఆదివారం మధ్యాహ్నం 3:25

ట్యాంకు తీశాను. పానా అన్న చెప్పినట్టే పంపు సాకెట్ పీకి స్టార్ట్ చేస్తే కాసేపటికి ఇంజిన్ ఆగిపోయింది, పైపు తీస్తే రెండు చుక్కలు పడ్డాయి అంతే.

రేస్ వైరు కుడి గ్రిప్ నుంచి దిగి, ముందు నుంచి చుట్టుకుని, ఒక క్లిప్పు దాటి ట్యాంకు కిందికి వెళ్తోంది. ఆ చుట్టు అనవసరం అనిపించింది. క్లిప్పు తీసి, వైరును ఫోర్కు కాలికీ ఫ్రేముకూ మధ్య సందులోంచి నేరుగా లాగాను. మూడు సెంటీమీటర్లు వదులొచ్చింది! ఎడమకు తిప్పినా రేస్ పెరగడం లేదు. క్లచ్ వైరుకు మాత్రం ఎంత వెతికినా ఒక్క సెంటీమీటరే దొరికింది. రేస్ వైరు పని అయిపోయినట్టేనా?

పాలమూరు_పానా · ఆదివారం సాయంత్రం 4:02

ఆగు ఆగు. ఫోర్కు కాలికీ ఫ్రేముకూ మధ్య అన్నావు. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఎక్కడో ఒక దగ్గర ఇనుముకు ఇనుము తగిలి ఆగుతుంది, అది స్టాపర్. ఇంజిన్ ఆపి, వైరు పోయే సందులో పెన్సిల్ పెట్టి మెల్లగా కుడికి పూర్తిగా తిప్పు. వేలు పెట్టకు. పెన్సిల్ నలిగితే నీ వైరూ నలుగుతుంది.

డిండి_దారి · ఆదివారం సాయంత్రం 4:20

పెన్సిల్ విరిగింది.

గడియారం_సెంటర్ · ఆదివారం సాయంత్రం 4:22

పెన్సిల్‌కు నివాళి 🙏

పాలమూరు_పానా · ఆదివారం సాయంత్రం 5:10

మంచిదే, వైరు తెగలేదు. ఇది అందరూ చేసే తప్పు, నేనూ కొత్తలో చేశా. అడ్డదారి దొరికిందంటే కంపెనీ వాడు దాన్ని ఎందుకు వాడుకోలేదో ఒకసారి ఆలోచించాలి. అక్కడ నలిగే రేస్ వైరు మొదట బరువెక్కుతుంది. తర్వాత ఒకరోజు గ్రిప్ వదిలినా వెనక్కి రాదు.

దారి ఇట్లా వెయ్: ముందు నుంచి వచ్చే చుట్టు తీసెయ్, కానీ సందులోకి దూర్చకు. హ్యాండిల్ క్లాంపుకు వెనకగా, పై ప్లేటు (ఫోర్కు రెండు కాళ్లను పైన కలిపేది) మీదుగా తెచ్చి, స్టీరింగ్ తిరిగే ఇరుసుకు వీలైనంత దగ్గరగా ఫ్రేములోకి దింపు. ఇరుసుకు దగ్గరగా పోయే వైరు, హ్యాండిల్ ఎటు తిప్పినా తక్కువ కదులుతుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే ఏ బండికైనా దారి నువ్వే వెతుక్కోవచ్చు. వంపు ఎక్కడా మోచెయ్యిలా మడత పడకూడదు, బిందె మెడలా గుండ్రంగా పోవాలి. మడత పడినచోట తీగ లోపల గీసుకుంటుంది. సైలెన్సర్‌కూ ఇంజిన్ హెడ్‌కూ దూరం. ఫ్రేముకు ట్యాగు (ప్లాస్టిక్ కట్టు పట్టీ) వేసి బిగించి కట్టకు. వైరు జరగాలి, రింగులోంచి పోనిస్తే చాలు. ఊగకుండా ట్యాగు వేయాలంటే లోపల చిటికెన వేలు పట్టేంత వదులుగా వెయ్.

క్లచ్‌కు ఒక సెంటీమీటరు చాలదు. పొడుగు వైరు తెచ్చుకో.

డిండి_దారి · ఆదివారం రాత్రి 9:05

పై ప్లేటు మీదుగా వేశాను. వదులు రెండు సెంటీమీటర్లకు తగ్గింది కానీ రెండు వైపులా ఎక్కడా నలగడం లేదు. ఇంజిన్ వేడెక్కాక న్యూట్రల్‌లో, సెంటర్ స్టాండ్ మీద, ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవైసార్లు తిప్పాను. రేస్ ఒక్కసారీ మారలేదు. గ్రిప్ వదిలితే టక్కున వెనక్కి వస్తోంది, హ్యాండిల్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు కూడా.

పొడుగు క్లచ్ వైరు ఇక్కడ రెండు షాపుల్లో అడిగాను. ఒకాయన వేరే పొడుగు వైరు కోసి, చివర స్క్రూ నిపిల్ (తీగ చివర మరతో బిగించే బుడిపె) పెట్టి ఇస్తానన్నాడు. ఓకేనా?

పాలమూరు_పానా · ఆదివారం రాత్రి 9:30

స్క్రూ నిపిల్ అనేది దారిలో తెగితే ఇల్లు చేరడానికి. దాంతో శ్రీశైలం పోతే మన్ననూరు దాటాక అడవిలో క్లచ్ లేకుండా నిలబడతావు. అచ్చులో పోత పోసిన నిపిల్ కావాలి. హైదరాబాద్ పుత్లీబౌలిలో కొలత ఇస్తే చేసిచ్చేవాళ్లు దొరుకుతారు. కొలత ఇచ్చేటప్పుడు జాగ్రత్త: గొట్టం 40 మిల్లీమీటర్లు పెంచితే లోపలి తీగా అంతే పెరగాలి. గొట్టం బయట కనిపించే తీగ పొడవు పాతదానితో మిల్లీమీటరు తేడా లేకుండా ఉండాలి. పాత వైరు చేతిలో పెట్టుకుని పో, నోటి కొలత నమ్మకు. అవసరానికి మించి పొడుగూ వద్దు, ఎక్కువైనది మళ్లీ ఎక్కడో మడత పడుతుంది.

జడ్చర్ల_జంక్షన్ · సోమవారం ఉదయం 10:12

బోల్టుల గురించి ఎవరూ మాట్లాడలేదు. రైజరు కిట్‌లో పొడుగు బోల్టులు వస్తాయి కదా, అవి నమ్మొచ్చా?

కృష్ణ_ఒడ్డున · సోమవారం ఉదయం 11:00

అసలు నేను మొదటే అడగాల్సింది ఇది. బోల్టు తల మీద అంకె చూడండి. 8.8 కానీ 10.9 కానీ ఉండాలి. ఏ అంకే లేనిది, లేదా 4.6 అని ఉన్నది తలుపు బిజాగరీకి పనికొస్తుంది, హ్యాండిల్‌కు కాదు.

రెండోది, ఎంత లోతు పట్టిందో చూడాలి. ఎం8 బోల్టు (8 మిల్లీమీటర్ల లావుది) అయితే ఒక్క చుట్టుకు 1.25 మిల్లీమీటర్లు దిగుతుంది. ఇనుములో కనీసం 8 మిల్లీమీటర్లు, అల్యూమినియంలో 12 పట్టాలి. అంటే అల్యూమినియంలో దగ్గర దగ్గర పది చుట్లు. మర పట్టుకున్న దగ్గర నుంచి బిగుతు వచ్చేదాకా చుట్లు లెక్కపెట్టండి. పనిముట్టు అక్కర్లేదు.

డిండి_దారి · సోమవారం సాయంత్రం 7:48

కృష్ణ అన్నా, మీకు దండం. లెక్కపెట్టాను. ఐదు చుట్లు! ఆరున్నర మిల్లీమీటర్లు కూడా కాదు. శనివారం సాయంత్రం వీధిలో మస్తుగా ఉందని సంబరపడింది ఆ ఐదు చుట్ల మీద అన్నమాట. కిట్ అమ్మినవాళ్లకు రాస్తే వాపసు తీసుకుంటాం అన్నారు, బోల్టులు మాత్రం ఇవ్వరట. నేనే 8.8వి పది మిల్లీమీటర్లు పొడుగువి కొనుక్కొస్తా.

కృష్ణ_ఒడ్డున · సోమవారం రాత్రి 8:15

కొనే ముందు రంధ్రం లోతు కొలవండి, అగ్గిపుల్ల పెట్టి గోటితో గుర్తు పెట్టుకున్నా చాలు. అడుగు మూసి ఉన్న రంధ్రమైతే, మరీ పొడుగు బోల్టు అడుక్కు తగిలి ఆగిపోతుంది. చేతికి బిగుసుకున్నట్టే ఉంటుంది, హ్యాండిల్ మాత్రం వదులుగానే ఉంటుంది. పొట్టి బోల్టు కంటే అదే ఎక్కువ మోసం.

బిగించేటప్పుడు టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) వాడండి. ఎం8కు సాధారణంగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు, మీ మాన్యువల్‌లో ఏముంటే అదే ఫైనల్. మరల మీద నీలం రంగు లాక్ జిగురు ఒక చుక్క. పై క్లాంపు మీద బాణమో చుక్కో ఉంటే అది ముందు వైపు, ముందు బోల్టులు పూర్తిగా బిగించి తర్వాత వెనకవి. గుర్తు లేకపోతే ముందూ వెనకా సందు సమానంగా ఉండేలా కొంచెం కొంచెం బిగించండి.

గడియారం_సెంటర్ · సోమవారం రాత్రి 9:00

అన్నీ సరే, పోలీసులు ఆపితే?

జడ్చర్ల_జంక్షన్ · సోమవారం రాత్రి 9:21

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్‌సీలో రాసిన వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయొద్దంటుంది. రైజరు లాంటి చిన్న వాటిని నన్నైతే ఇంతవరకు ఎవరూ అడగలేదు, సైలెన్సరే అడుగుతారు. నేను పాత పార్టులు పారేయను, ఇన్సూరెన్సు వాళ్లకు ఒక మెయిల్ పెట్టి ఉంచుతా. క్లెయిము రోజున వాదించుకునే ఓపిక నాకు లేదు.

బత్తాయి_తోట · మంగళవారం ఉదయం 6:35

పానా సార్, మొన్న మీ మీద కోపం వచ్చింది. నిన్న సాయంత్రం కూలీ పిల్లగాణ్ని వెనక కూర్చోబెట్టి చక్రం లేపి చూశా. ఎడమకు పూర్తిగా తిప్పితే డిస్కు పైపు వీణ తీగలా ఉంది. పై చివర బుడిపె దగ్గర రబ్బరు మీద సన్నటి పగుళ్లు చుట్టూతా. రెండేళ్లు దీని మీదనే తిరిగా, పిల్లల్ని కూడా ఎక్కించుకుని. బండి షెడ్డులో పెట్టేశా. 80 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్న స్టీలు అల్లిక పైపుకు ఆర్డర్ పెట్టా.

పాలమూరు_పానా · మంగళవారం ఉదయం 7:15

కోపం వస్తే రానీయండి సార్, చూశారు, అదే పది వేలు. పైపు మార్చేటప్పుడు రెండు చివర్లా రాగి వాషర్లు కొత్తవి వేయాలి, పాతవి వాడితే కారుతుంది. ఆయిల్ డబ్బా మూత మీద ఏ రకం రాసి ఉంటే అదే, సీలు తీయని సీసా కొనండి. ట్యాంకు మీద తడిగుడ్డ కప్పండి, బ్రేకు ఆయిల్ పడితే పెయింటు లేచిపోతుంది. పడితే తుడవకండి, నీళ్లు పోయండి.

డిండి_దారి · గురువారం రాత్రి 10:30

క్లచ్ వైరు వచ్చింది, వేశాను. కొత్త బోల్టులు పదకొండు చుట్లు పట్టాయి. మీరు చెప్పినట్టు ముందు చక్రం లేపి డిస్కు పైపు చూశా, పూర్తిగా తిప్పినా ఇంకా కొంచెం వంపు మిగిలే ఉంది, దాన్ని మార్చలేదు.

కొత్త తలనొప్పి ఒకటి. కుడికి తిప్పినప్పుడు హారన్ మోగదు. తిన్నగా ఉంటే మోగుతుంది. ఎడమ స్విచ్చు విప్పి శుభ్రం చేసినా అంతే.

పాలమూరు_పానా · శుక్రవారం ఉదయం 7:05

స్విచ్చు కాదు. దాని నుంచి కిందికి పోయే కరెంటు వైర్ల కట్ట బిగిసింది. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి తెగి ఉంటుంది లేదా సాకెట్లోంచి పిన్ను సగం లేచి ఉంటుంది. సాకెట్లు ఎక్కడున్నాయో చూసి, కట్టకు వేసిన ట్యాగులు కోసి, రెండు సెంటీమీటర్లు పైకి వదులు. పిన్ను లేచి ఉంటే లోపలికి నొక్కితే సరిపోతుంది. రాగి తెగి ఉంటే ముక్క అతికి సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవు వెయ్. ఉత్తి టేపు చుట్టకు. నాలుగైదు వైర్లు అతకాల్సి వస్తే అతుకులన్నీ ఒకేచోట రాకుండా అటూ ఇటూ వెయ్. కుడి పక్క కట్ట కూడా చూసుకో, ఇంజిన్ ఆపే స్విచ్చు దాంట్లోనే ఉంది. హారన్ పోతే నోటితో అరవచ్చు, మలుపులో ఇంజిన్ ఆగితే ఏం చేస్తావు?

డిండి_దారి · శుక్రవారం రాత్రి 8:40

పిన్నే లేచింది. నొక్కాను, మోగుతోంది. కుడి కట్ట కూడా వదులు చేశాను. రేపు నల్లగొండ నుంచి హాలియా మీదుగా సాగర్ దాకా ట్రయల్ వేసి, అంతా బాగుంటేనే ఆదివారం శ్రీశైలం.

కృష్ణ_ఒడ్డున · శుక్రవారం రాత్రి 9:10

తిరిగొచ్చాక అన్ని బోల్టులూ మళ్లీ టార్క్ చూడండి. కొత్తగా వేసిన క్లాంపులు మొదటి వంద కిలోమీటర్లలో కొంచెం కూర్చుంటాయి. అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు వదలరు, మన్ననూరు గేటు దగ్గర ఆలస్యం చేసుకోకండి.

డిండి_దారి · సోమవారం సాయంత్రం 6:15

వెళ్లొచ్చాం. సాగర్ ట్రయల్ తర్వాత బోల్టులు చూస్తే నాలుగింటిలో ఒకటి నిజంగానే కాస్త కదిలింది, మళ్లీ బిగించాను. ఆదివారం పొద్దున దేవరకొండ, డిండి, హాజీపూర్ మీదుగా మన్ననూరు. దేవరకొండ దాటాక రోడ్డు పని జరుగుతున్నచోట మూడు నాలుగు కిలోమీటర్లు నిలబడే నడిపాను, నడుము వంచకుండా మొదటిసారి. దోమలపెంట దిగే మలుపుల్లో రేస్ కానీ క్లచ్ కానీ పేచీ పెట్టలేదు. డ్యాము చూసే చోట కార్ల మధ్య ఇరుక్కుని పూర్తి లాక్‌తో బండి మలుపుకోవాల్సి వచ్చింది, అప్పుడు పెన్సిల్ గుర్తొచ్చింది.

ఒక్క లోటు. వచ్చేటప్పుడు మణికట్లు నొప్పెట్టాయి. హ్యాండిల్ దొర్లించాను గానీ లివర్లు పాత కోణంలోనే వదిలేశా. ఇంటికొచ్చి, నిలబడినప్పుడు వేళ్లు చేతికి తిన్నగా పడేలా లివర్లను కిందికి దించాను.

మిర్యాలగూడ_రైడర్ · సోమవారం రాత్రి 8:00

నేను హ్యాండిల్ కొంచెం దొర్లించి వారమైంది. భుజాల మంట సగం తగ్గింది, రైజరు కొనడం లేదు. బొటనవేలు పడుతోంది 🙂

డిండి_దారి · సోమవారం రాత్రి 8:12

బత్తాయి అన్నా, మీ పైపు వచ్చిందా?

బత్తాయి_తోట · సోమవారం రాత్రి 9:26

ఈరోజే వచ్చింది. బ్రేకు ఆయిల్లో గాలి తీయడానికి ఒకరు లివరు నొక్కాలి, ఒకరు క్యాలిపర్ మీది నిపిల్ తిప్పాలి. మా పిల్లగాడికి పంపుసెట్టు తప్ప ఏదీ తెలియదు. ఆదివారం నువ్వు పానాలు పట్టుకుని తోటకు రా తమ్మీ. బత్తాయిలు కోతకొచ్చాయి, సంచీ కూడా తెచ్చుకో.